చేయి ఆగని బల్ల

“ఈ వాసన నీ నోటిదా, నీ పనిదా?”

పాలిష్ మేస్త్రిని భార్య సూటిగా అడిగిన ప్రశ్న ఇది. ఆయన బల్లలకూ బీరువాలకూ పట్టించే పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. గుడ్డ ముద్దను అందులో తడిపి చెక్క మీద తిప్పుతుంటే కార్ఖానా అంతా సారాయి దుకాణంలా ఘాటెక్కుతుంది. తాగినా అదే కంపు, తాగకపోయినా అదే కంపు. ఏళ్ల తరబడి ఆ సాకే ఆయన్ను కాపాడింది. తీరా నిజంగా మానేశాక అదే మెడకు చుట్టుకుంది. “పని వాసనేనే” అన్న మాట నమ్మి నమ్మి విసిగిన మనిషి, బట్టలు సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

తాగుడు మానినవాడికి చప్పట్లు కొట్టి, సంకల్పబలం అంటూ ఉపన్యాసం దంచడం మనకు సరదా. ఈ సంగతి మీద పరిశోధన చేసేవాళ్లు అంత ఆర్భాటపడరు. సాటివాళ్లతో కలిసి కూర్చోవడం వదలనివాళ్లు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ అంటారు, అంతే. మేస్త్రి కూర్చున్నది ఒక పాత బడి మేడ మీది గదిలో. తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ అక్కడ చేరి తమ గోడు చెప్పుకుంటారు. వాళ్లలో పెద్ద, బస్సు నడిపే డ్రైవరన్న. మేస్త్రి మొదటిసారి లోపల అడుగు పెట్టగానే డ్రైవరన్న ముక్కు ఎగబీల్చాడు.

“ఏం తమ్ముడూ, మానడానికొచ్చావా, మాకు గుర్తుచేయడానికొచ్చావా?”

గది గొల్లుమంది. కిటికీ పక్కన కుర్చీ వేశారు.

గది నడుమ గీతలు పడ్డ పాత బల్ల ఒకటుంది. కొన్నాళ్లకు డ్రైవరన్న దాన్ని పాలిష్ పట్టమని మేస్త్రికి అప్పగించాడు. బల్ల కార్ఖానాకు చేరిన రోజు మేస్త్రి భార్యకు కబురు పెట్టాడు: “ఒక్క పూట వచ్చి కూర్చో. వాసన చూడొద్దు, చెయ్యి చూడు.”

ఆమె వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

పాలిష్ గుడ్డ తడి చెక్క మీద ఆగకూడదు. క్షణం ఆగిందా, కింది పొర కరిగి మచ్చ పడుతుంది. తాగే రోజుల్లో మేస్త్రి చేసిన పనుల నిండా ఆ మచ్చలే. వాళ్లింటి బీరువా తలుపు మీదా ఉన్నాయి.

మధ్యాహ్నపు ఎండ బల్ల మీద వాలింది. చేయి సున్నాలు చుడుతూ పోయింది. చెక్కలోని చారలు నీటి అడుగున నాచులా ఊగుతూ పైకి తేలాయి. తేనెరంగు లోతు అంతకంతకూ పెరిగింది. కాసేపటికి ఆ లోతులో ఆమెకు తన ముఖం కనిపించింది, ముఖం వెనక కిటికీ, కిటికీలో మబ్బు. తను కూర్చున్నది కార్ఖానాలోనో, ఆ చెక్కలోనో తెలియలేదు. చేయి మబ్బు మీంచి సాగిపోయింది. ఆగలేదు.

“చెయ్యి నొప్పెట్టట్లేదా?”

“ఆగితే మచ్చ పడుతుందే.”

“తెలుసులే. ఇన్నాళ్లూ బీరువా మీది మచ్చల్ని రుద్దింది నేనేగా!”

పొద్దు వాలేవేళకు ఆమె వంగి, బల్లను వెలుతురుకు ఏటవాలుగా చూసింది. వేలితో తడిమింది. మచ్చ తగల్లేదు.

“అక్కకు చెప్పి సంచి తెచ్చుకుంటా,” అంది. “రేపటి మాట నాకు తెలీదు. రేపు చేసిన పని రేపు చూస్తా.”

ఆమె ఇప్పటికీ ఆయన వాసన చూడదు, పనే చూస్తుంది. బల్ల మేడ గదికి తిరిగి చేరింది. దాని మీద డ్రైవరన్న వేడి టీ కప్పు పెట్టబోతే అందరూ “మచ్చ!” అంటూ ఒక్కసారిగా అరిచారు. వాళ్లు మేస్త్రికి పాలిష్ కూలిలో సగం ఇంకా బాకీ.