బావ ఎత్తిన చెయ్యి

పొద్దున దీపం వెలిగిస్తుంటే విడవలూరు దగ్గరి మా ఊరి నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయినాడు మే" అంది. గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వినిపించింది. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

బావ సైన్యంలో ఉండి, అక్కడి క్లబ్బు తరఫున వాలీబాల్ ఆడారు. ఆ క్లబ్బు పుట్టుక ఆయనే చెప్పేవారు. మొదట్లో జవాన్లు రెండు కర్రలకు గుడారం తాడు కట్టుకుని సరదాకు ఆడేవారట. తర్వాత ఆఫీసర్లకు కప్పుల పిచ్చి పట్టింది. ఆటగాళ్ళను ఏరి తెచ్చారు, హాలు కట్టారు, గోడ నిండా జట్ల ఫొటోలు పెట్టారు. గెలిచినన్నాళ్ళూ పాలు, గుడ్లు. ఓడితే మళ్ళీ తుపాకీ, గస్తీ.

ఒక ఫైనల్లో, చివరి పాయింటు దగ్గర, ఎదుటివాళ్ళు కొట్టిన బంతి బావ వేళ్ళను రాసుకుని బయటపడింది. తాకి బయటపడితే పాయింటు వాళ్ళది. రిఫరీ చూడలేదు. బంతి తాకినవాడు తానే చెయ్యెత్తి ఒప్పుకోవడం ఆ ఆటలో పాత మర్యాద. బావ ఎత్తారు. కప్పు పోయింది. బంతి తాకనే లేదనీ, ఎదుటివాళ్ళతో కుమ్మక్కయ్యాడనీ క్లబ్బు తేల్చేసింది. గోడ మీది ఫొటో పీకేసింది. పక్కనే నిలబడి ఆడినవాళ్ళు ఒక్కరూ నోరు తెరవలేదు.

అందరూ చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి కోరుకుంటాను. ఆ అందరిలో ఆ క్లబ్బును మాత్రం ఇంతవరకూ కలుపుకోలేకపోయాను.

ఊరికి వచ్చాక బావ సముద్రం ఒడ్డున పాత చేపల వల ముక్క కట్టి పిల్లలకు ఆట నేర్పారు. మా అమ్మాయీ సెలవుల్లో అక్కడే నేర్చుకుంది. తాకలేదని ఎవరైనా వాదిస్తే, "నన్నెందుకడుగుతావు? నీ వేలినడుగు" అనేవారు. శుక్రవారమని చూడకుండా గోళ్ళు తీసుకునేవారు.

"లక్ష్మీదేవి పోతుంది బావా!"

"రేపు మ్యాచ్ ఉండాది. ఒక్క పూట ఓర్చుకోమను మీ లక్ష్మమ్మని."

నేను ఊరు చేరాక, బావను పాడె మీదికి లేపే వేళకు క్లబ్బు పాత ఆటగాళ్ళు కొందరు పెద్ద దండతో వచ్చారు. "మా క్లబ్బు ముద్దుబిడ్డమ్మా" అన్నాడు ముందున్న పెద్దమనిషి.

అక్క అడ్డం నిలబడింది. "మీ గోడ మీద ఉన్నాడా అయ్యా, ఆ ముద్దుబిడ్డ?"

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా?"

"మీకు పాతవి. ఆయన రోజూ దాంతోనే నిద్ర లేచినాడు. ఆ పొద్దు బంతి తాకిందా, లేదా? పక్కన ఆడినోళ్ళు చెప్పండి. చెప్పి ఎయ్యండి దండ."

వాళ్ళలో వెనక నిలబడిన ఒక ముసలాయన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.

"దించు," అన్నాడు పెద్దమనిషి పళ్ళు బిగబట్టి. ఆయన దించలేదు.

"ఇన్నేళ్ళకా, అన్నా?" అంది అక్క. దండ మాత్రం వెయ్యనివ్వలేదు.

పాడె వెనక ఆడవాళ్ళం వీధి మలుపు దాకా నడిచి ఆగిపోయాం. వెనక్కి తిరిగి చూశాను. దండ అరుగు మీద పడి ఉంది. దాని పక్కన ఆ ముసలాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా దించలేదు.