రెండు ఫర్లాంగుల కారు

జీవితంలో ఒకే ఒక్క కారును నా చేతులతో కట్టాను, నా నోటితో ముంచాను. ఎంత ఘనంగా ముంచానంటే, బద్వేలు పక్కన మా అత్తగారి ఊళ్ళో పాతవాళ్ళు ఇప్పటికీ నన్ను చూడగానే ముందు ఆకాశం వంక చూస్తారు, ఆ తర్వాతే "బాగుండావా అప్పా" అంటారు.

యాభైల చివరి మాట. నాకు ఇరవై మూడేళ్ళు. కడపలో కొత్త ఓవర్సీరును, అంతకంటే కొత్త అల్లుణ్ణి. మా మామ ఓబుళరెడ్డిది వేరుశనగ సేద్యం. పెళ్ళయిన నెలకే ఆయన, "ఇంజనీరప్పా, సదువుకున్నోడివి. బాయి యాడ తవ్వాల్నో సూపీ" అన్నాడు. బూట్లేసుకుని పొలమంతా తిరిగి, ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలో చేతికర్ర గుచ్చి "ఇక్కడ!" అన్నాను. నలభై అడుగులు తవ్వారు. బండ. దాన్ని పగలగొట్టారు. కింద ఇంకా పెద్ద బండ. ఆనాటి నుంచి మామ నోట "ఇంజనీరప్పా" పోయి "పిల్లోడా" వచ్చింది. కొత్త అల్లుడికి అంతకంటే చావు లేదండీ.

అలాంటి రోజుల్లో మా బావ, అంటే నా భార్య లక్షుమ్మ అన్న శివారెడ్డి, ఓడ ఉద్యోగంలో అమెరికా రేవులు తిరిగి ఒక అట్టపెట్టె తెచ్చాడు. మూత మీద ఒక కారు బొమ్మ. అదేం కారు! ముందు చక్రాలు సైకిలు చక్రాల్లా సన్నం, వెనకవి రోళ్ళంత లావు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఇంజను నడిబజార్లో స్నానం చేస్తున్నట్టు బయటే ఉంది. పెట్టె లోపల కారు లేదు, అతికిస్తే జానెడు బొమ్మ కారయ్యే నూరు ముక్కలు, ఒక జిగురు గొట్టం ఉన్నాయి.

"పందెం కారు నాయనా ఇది," అన్నాడు బావ. "రెండు ఫర్లాంగులే పోతాది. కన్ను మూసి తెరిసేలోపల."

"అంటే మన ఇంటికాన్నుంచి పిల్లోడి బాయి దాకా," అన్నాడు మామ, నా వైపు చూడకుండానే. "ఆడికి పోయి ఏం జేస్తాది?"

"నిలబడతాది."

"నిలబడి?"

"అంతే నాయనా. ఆ జోరును ఆపేదానికి ఎనక పెద్ద గొడుగు ఇప్పుతారు. కళ్ళారా సూసినా."

"వాన లేకుండానే గొడుగా!" మామ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. చివరికి గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, "అంత ఆత్రం యాడిదప్పా దీనికి!" అన్నాడు.

బావ మద్రాసు పోతూ, "పది దినాల్లో వస్తా. నేను మళ్ళా ఓడెక్కేలోపల మన ఇంజనీరు దీన్ని కట్టి నిలబెడతాడు" అన్నాడు.

"బాయి తవ్వినట్ల కాకుంటే సాలు," అన్నాడు మామ.

కారు నిలబడితే నేను ఇంజనీరును, లేకపోతే చచ్చేదాకా పిల్లోణ్ణి. సెలవు పెట్టేశాను.

నిజం చెప్తున్నాను, ఆ ముక్కల ముందు కూర్చుంటే నా గొప్పలన్నీ అణిగిపోయాయి. చింతగింజంత ఇంజను ముక్క మీద మరలు కూడా చెక్కారు మహానుభావులు! పొగగొట్టాలు ఎనిమిది, ఒక్కోటి జొన్న ఈనెంత. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయని మాట్లాడ్డం మానేశాను. ఇంటిల్లిపాదీ దానికి సంతోషించారు.

మొదటి తప్పు రెండో రోజే చేశాను. జిగురు గొట్టం మూత తీసి, మండుటెండలో అరుగు మీది నల్ల బండపై పెట్టి భోజనానికి పోయాను. మన కడప బండ సంగతి మీకు తెలుసు, మే నెల్లో దాని మీద కాలు పెట్టినవాడు తాండవం చేస్తాడు. తిరిగొచ్చేసరికి గొట్టంలో జిగురు లేదు, ఒక రాయి ఉంది. మామకు చెప్తే ఏమంటాడో తెలుసు: "ఈన యాడ సెయ్యి పెడితే ఆడ బండే!" అందుకని గుట్టుగా చేని గట్టుకు పోయి తుమ్మజిగురు గిల్లుకొచ్చి నానబెట్టాను.

లక్షుమ్మ పట్టేసింది. "తుమ్మజిగురు నీళ్ళకు నిలవదు. తెలుసునా మీకు?"

"నీళ్ళా!" అన్నాను, ఇంజను అతికిస్తూ. "మీ ఊళ్ళో వాన యాడ పడుతుంది లక్షుమ్మా? రెండేళ్ళయింది మేఘం మొహం చూసి. ఇక్కడ ఉప్పుతో కారు కట్టినా నూరేళ్ళు నిలుస్తుంది!"

"అట్ల అనగాకండి. చేలు ఎండి మా నాయన దిగులుతో ఉండాడు."

వసారాలో మంచం మీద మామ, ముఖాన తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. అని నేననుకున్నాను.

పదో రోజు మధ్యాహ్నానికి కారు నిలబడింది. లక్షుమ్మ ఎర్ర రవికెగుడ్డతో చిటికెడు గొడుగు కుట్టి వెనక కట్టింది. బావ వచ్చాడు, వెనకే ఊరంతా వచ్చింది. వాకిట్లో గంప బోర్లించి, దాని మీద కారు పెట్టి, ఈనెపుల్లతో చూపిస్తూ నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక అవ్వ దూరం నుంచే దండం పెట్టింది. మామ గంప చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"శానా గొప్పగా ఉండాది. నువ్వు నిజంగా ఇంజ..."

టప్.

ఆయన ముక్కు మీద చినుకు పడింది. అందరూ తలెత్తారు. నా ఉపన్యాసం ధాటికి ఆకాశం ఎప్పుడు నల్లబడిందో ఎవరూ చూడలేదు. తర్వాత కుండలతో కాదు, కాగులతో కుమ్మరించింది.

"వానరా! వాన!" ఊరంతా కేకలు, గంతులు. మామ తువ్వాలు గాల్లో తిప్పుతూ చిన్నపిల్లవాడిలా ఎగురుతున్నాడు. నేనొక్కణ్ణే గంప దగ్గర మోకాళ్ళ మీద. ముందు చక్రాలు జారాయి. పొగగొట్టాలు ఒక్కొక్కటీ సెలవు పుచ్చుకున్నాయి. ఇంజను నా అరచేతిలోనే విడిపోయి వేళ్ళ సందుల్లోంచి పోయింది. పది రోజుల నా తపస్సు వాకిలి దాటి, కాలువ కట్టి, చేల వైపు పరుగు తీసింది. నేను ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు, అదొక్కటే నయం.

వాన వెలిశాక కారు వెతుక్కుంటూ బావ, నేను, మామ ఆ కాలువ వెంబడే నడిచాం. ఒక్క ముక్క కనబడితే ఒట్టు. కాలువ తిన్నగా పోయి పోయి నా బావిలో పడింది. తొంగి చూశాం. బండ కనబడలేదు. మనిషి లోతు ఎర్రనీళ్ళు, వాటి నడుమ విచ్చుకుని తేలుతున్న మా లక్షుమ్మ రవికెగుడ్డ గొడుగు.

మామ గట్టు మీద ఇంకా వంగి మరోసారి చూశాడు.

"సెప్పినంత దూరమే పోయింది," అన్నాడు మామ మెల్లగా. "సెప్పినట్లే గొడుగు ఇప్పి నిలబడింది. ఏమి కారప్పా, ఇంజనీరప్పా!"

ఆ పిలుపు విని కూడా నోరు ఊరుకోలేదు. "మామా, అది తుమ్మజిగురు. అందుకే కరిగిపోయింది," అనేశాను.

"తెలుసులేప్పా. ఆ పొద్దు నువ్వు అమ్మాయితో అన్న మాట నేను ఇన్నా. వాన యాడ పడతాది అంటివే, మా ఆకాశానికి రోసమొచ్చింది!" అని ఆయన నవ్విన నవ్వు బావిలో కూడా మోగింది.

ఆ గట్టు మీదే, తడిసిన బట్టలతో, తూర్పుకు తిరిగి, చేతిలో బురద పట్టుకుని ప్రమాణం చేశాను: బొందిలో ప్రాణముండగా తుమ్మజిగురు ముట్టను, ఏ ఊరి ఆకాశాన్నీ తక్కువ చేసి మాట్లాడను.

ప్రమాణం మీద నిలబడదామనే నా ఉద్దేశం. కానీ వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ మామ దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చేది.

"ఇంజనీరప్పకు ఆశీస్సులు. చేను ఎండుతాండాది. కారు లేకున్నా పర్వాలేదు. ఒక్కసారి వచ్చి ఆ మాట అనిపో."