ఒంటి పిట్ట చద్దరు

మా పెద్దబాపు పోయిన కబురు నాకు మగ్గాల మోతలో వచ్చింది. సోలాపూర్‌లోని కుంఠా నాకా కారఖానాలో ఫోన్ చెవికి అదుముకున్నా ఏమీ వినపడలేదు. వీధిలోకి వచ్చాక పెద్దమ్మ గొంతు అందింది. "పోయిండురా. పొద్దుగాల చాయ్ అడిగిండు, నేను తెచ్చేసరికి లేడు." లోపలికెళ్లి నా మగ్గం ఆపాను. తక్కినవి నడుస్తూనే ఉన్నాయి. వాటి మీద నేస్తున్న పులులూ నెమళ్లూ ఆయన గీసినవేనని వాటికేం తెలుసు!

మీరెప్పుడైనా సోలాపూర్ చద్దరు కప్పుకుని ఉంటే, బహుశా మా పెద్దబాపు జింకల కిందే నిద్రపోయి ఉంటారు. గళ్ల కాగితం మీద జంతువును గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికెక్కించడం ఆయనకు కూడు పెట్టిన పని. ఇంటికొచ్చి నడుం వాలుస్తాడా అంటే అదీ లేదు. బడి గోడ మీద రంగులతో తోడేలు, బొగ్గుతో గుడ్లగూబ, వినాయకుడికి తెచ్చిన మట్టి మిగిలితే ఉడుము. చివరికి నీలం నగర్ ఇంట్లో పెద్దమ్మ బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కల్ని కూడా వదల్లేదు. అట్ట మీద అంటించి పిట్టను చేసేవాడు. "ఎండిన గడ్డిల తిరిగే పిట్టకు ఇంతకన్న మంచి రంగు యాడ దొరుకుతది?" అనేవాడు. "ఇల్లంత అడివి జేసినవ్. ఇగ మనం యాడ పండాలె?" అని పెద్దమ్మ.

ఆకులతో చేసిన పిట్ట ఎప్పుడూ ఒకటే. మరాఠీలో మాల్‌ఢోక్ అంటారు, మనం బట్టమేక పిట్ట అంటాం. మనిషి నడుం దాకా వస్తుంది. ఊరి బయటి గడ్డి మైదానంలో ఒకప్పుడు గుంపును చూశాడట. తర్వాత ఒక్కటే కనబడింది. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాడు. కనబడిందా అంటే, "గడ్డి కనబడ్డది. మంచిగనే ఉన్నది," అని చెప్పులు విడిచేవాడు. దూది దుమ్ముకు ఊపిరి చెడి, బస్టాప్ దాకా నడవలేని రోజు వచ్చేవరకూ అలాగే పోయాడు.

ఆ ఒంటి పిట్టను చద్దరు మీదికి తేవాలని ఆయన కోరిక. చిక్కేమిటంటే, మా మగ్గం సగం బొమ్మే తీసుకుంటుంది. రెండో సగాన్ని అద్దంలో చూపినట్టు తనే నేసేస్తుంది. అందుకే మా చద్దర్ల మీద నెమళ్లు ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడతాయి. పెళ్లి కానుకలకు అవే చెల్లుతాయి కూడా. పెద్దబాపు పిట్టకూ మగ్గం ఉత్తపుణ్యానికి ఓ జోడీని కట్టబెట్టింది. కారఖానా యజమాని సేట్ ముచ్చటపడ్డాడు. పెద్దబాపు మాత్రం అట్టలు దింపేశాడు. "నేను చూసింది ఒక్కదాన్నే. రెండున్నయని నేస్తే అబద్ధమైతది," అన్నాడు.

పోయినేడు సేట్ ఒక పాత మగ్గాన్ని తుక్కుకు అమ్మాడు. బండి వచ్చేలోగా వాడుకోమన్నాడు. ఇద్దరం కూర్చుని పైనుంచి దిగే తాళ్లన్నీ విప్పి, బొమ్మ రెండోసారి పడకుండా మళ్లీ కట్టాం. ఆయన ఒక ముడి వేసేవాడు, దగ్గేవాడు, ఇంకో ముడి వేసేవాడు. "ఎందుకు పెద్దబాపూ ఇంత తిప్పలు?" అన్నాను. "అలిసిపోతే కూసో. ఇడిశిపెట్టకు," అన్నాడు.

ఒకే ఒక్క చద్దరు దిగింది. ఒక సగంలో పిట్ట, రెండో సగమంతా గడ్డి. సేట్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గిరాకీకి జోడీ గావాలె కాకా. రెండోది యాడున్నది?"

"నేను గూడ అదే అడుగుతున్న సేట్," అన్నాడు పెద్దబాపు.

నా చేతికి పని నేర్పింది ఆయనే. చాలా ప్రేమ నాకు ఆయనంటే. పోయాక మాత్రం ఏడుపు కంటే అలసటే ఎక్కువగా ఉంది, ఆయన మోసిందేదో నా భుజాల మీదికి వచ్చినట్టు.

కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఆయన ఇంటికి తెచ్చుకున్న ఆ చద్దరు అడిగి తెచ్చి, నలుగురూ చూసేలా ఎక్కడైనా గోడకు కట్టిద్దామని మధ్యాహ్నం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. బీడీల చేట పక్కన పెట్టి, మంచం మీద ఓ అంచుకు ఒదిగి నిద్రపోతోంది. అడగలేక గడపలోనే నిలబడ్డాను. పిట్ట ఉన్న సగాన్ని ఆమె కప్పుకుంది. గడ్డి సగాన్ని ముడత లేకుండా, పక్కన ఆయన పడుకునే చోట పరిచింది.