రెండు దెబ్బలంటే తొక్కు

మొన్న కోలారులో, మార్కెట్‌కి వెళ్ళే టమాట లారీ వెనక కారు ఆపి, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. నేను కాలు కదిలించలేదు. అయినా పెడల్ తనంతట తానే మెత్తగా కిందికి దిగిపోతోంది. భయపడాల్సిన చోట నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. ఆ జారుడు నాకు పాత పరిచయం. హ్యాండ్ బ్రేకు చేతిలో పెట్టుకుని మెల్లగా పక్కనున్న షెడ్డుకి చేరాను.

కోలారు బంగారు గనులు మూతబడ్డాక మా నాన్న ఒక పాత తెల్ల కారు కొని, మారికుప్పం నుంచి బంగారుపేట, కోలారు దాకా బాడుగకు తిప్పేవారు. అంతకుముందు గనిలో వైండింగ్ డ్రైవరు. అంటే, పైన ఇంజను గదిలో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుని, మనుషులెక్కిన ఇనుప పెట్టెను తాడు మీద షాఫ్టనే నిలువు గోతిలోకి దించి ఎత్తే మనిషి. ఆ పెట్టె ఆయన కంటికి కనిపించదు. షాఫ్టు మూతి దగ్గర నిలబడి ఆయనకు గంట కొట్టేది మా అమ్మ తమ్ముడు, మా మామ. రెండు దెబ్బలు కొడితే దించు, ఒక్కటి కొడితే ఆపు, మూడు కొడితే ఎత్తు. మా వీధిలో సగం మంది మగవాళ్ళు ఆ చేతినీ ఈ కాలినీ నమ్ముకునే భూమిలోకి దిగి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు.

గని మూసేటప్పుడు ఇద్దరికీ చెడింది. మామ కంపెనీ ఇచ్చే డబ్బుకు ఒప్పుకుని సంతకం పెట్టి బయటికి వచ్చేశాడు. నాన్న మాత్రం గని మూయొద్దని గేటు ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ళతో ఉండిపోయారు. "ఆఖరి గంట నువ్వే కొట్టేసినావు కదరా" అని నలుగురిలో అన్నారు. అంతే. మామ రాబర్ట్‌సన్‌పేటలో కార్ల పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్నా, నాన్న కారు ఆ వీధి మొహం చూడలేదు. చర్చిలో ఒకరిది కుడివైపు బెంచీ, ఇంకొకరిది ఎడమవైపు.

మా అమ్మ బైబిలు వాక్యాన్ని వాక్యంగా తీసుకునే మనిషి. సహోదరుడితో సమాధానపడకుండా అర్పణ తేవద్దని ప్రభువు చెప్పాక, ఇంట్లో ఇంత పగ పెట్టుకుని రొట్టె ముట్టుకోవడం ఎలాగని, ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడమే మానేసింది. "తప్పు వాళ్ళది కదమ్మా, నువ్వెందుకు?" అంటే, "మొగుడూ నావాడే, తమ్ముడూ నావాడే. ఇంగ తప్పు ఎవురిదైతే ఏమి?" అనేది. ఆ రొట్టె పంచే సంస్కారపు ఆదివారం అందరూ లేచి ముందుకు వెళుతుంటే, ఖాళీ అయిన వరసలో ఆమె ఒక్కతే తలమీద కొంగు సర్దుకుంటూ కూర్చునేది. అటు చూడలేక నేను పాటల పుస్తకంలో మొహం దాచుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే కారు పెడల్ దిగడం మొదలైంది. ఏ షెడ్డులో చూపించినా, బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందని తీసి పంపేవాళ్ళు. నాలుగు రోజులకు మళ్ళీ మొదటికొచ్చేది. చర్చికి వెళ్ళేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే మా కారులో ప్రార్థన ఎక్కువ జరిగేది. తిరుగుదారంతా దిగువ మరి. చివరికి ఒకరోజు రైల్వే గేటు దగ్గర, నాన్న కాలు పెడల్ మీద ఉండగానే, కారు మెల్లగా జరిగి ముందున్న పాల సైకిల్‌ని తాకింది. దెబ్బేమీ తగల్లేదు. పాలాయన వెనక్కి తిరిగి, "ఏమప్పా, గనిలో అంతమందిని ఆపినావు, ఇంత కారు ఆపేకి కాదా?" అన్నాడు. ఆ రాత్రి నాన్న అన్నం సరిగా తినలేదు. మరునాడు అమ్మ ఎవరినీ అడక్కుండా తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది.

మామ వాకిట్లో నిలబడి, బావ వైపు చూడకుండా, "అక్కా, యాడ లీకో అడుగు" అన్నాడు.

నాన్న ఆకాశం వైపు చూస్తూ, "లీకు లేదని చెప్పు. గాలీ కాదు. గాలైతే కాలి కింద స్పంజి మాదిరి ఉంటాది. ఇది గట్టిగా నిలబడి, పట్టుకునే కొద్దీ జారతా ఉండాది" అన్నారు.

"అట్లైతే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు పోయినాయని చెప్పక్కా. ఆయిల్ బయటికి రాకుండా లోపల్లోపలే వెనక్కి జారతాది."

"అది నాకు తెలుసని చెప్పు."

"తెలిసి ఇన్నాళ్ళు ఏం చేసినాడో అడుగు."

"నేనేమన్నా పోస్టుమ్యానునా? మీరూ మీరూ చూసుకోండప్పా" అని అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మామ సిలిండర్ విప్పి, అంచులరిగిన రబ్బర్లు తీసి, కొత్తవి వేసి బిగించాడు. అంతవరకూ మాటల అవసరం రాలేదు. చిక్కంతా ఆ తర్వాతే. విప్పినప్పుడు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేసి, గాలి పోగానే బిగించాలి. బిగించేలోగా కాలెత్తితే గాలి మళ్ళీ లోపలికే. నాన్న సీట్లో కూర్చున్నారు. మామ వెనక చక్రం కిందికి దూరాడు. తొక్కు, పట్టు, ఎత్తు అని ఎవరో ఒకరు చెప్పాలి. బానెట్ దగ్గర ఆయిల్ సీసా పట్టుకుని, ఇక ఈ మాటలు మోసే పని నాకే వస్తుందనుకున్నాను.

అప్పుడు కారు కింద, ఇనుము మీద స్పానర్‌తో రెండు దెబ్బలు పడ్డాయి.

నాన్న కాలు కిందికి వెళ్ళింది. మొహంలో పంతం ఇంకా అలాగే ఉంది. కాలు మాత్రం వెళ్ళింది. ఒక్క దెబ్బ. కాలు అక్కడే నిలిచింది. మూడు దెబ్బలు. కాలు లేచింది. మళ్ళీ రెండు. చూస్తుండగానే నాన్న వెన్ను నిటారుగా అయింది, కళ్ళు మూసుకున్నారు. ఒక్కో చక్రం అలాగే అయింది. చివరి చక్రం దగ్గర, కాలు కిందే ఉండగా, దెబ్బలు ఆగిపోయాయి. ఎంతకీ వినిపించలేదు. నాన్న ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"రేయ్, యాడుండావురా?"

"యాడికి పోతాను బావా, నీ కారు కిందే ఉండాను. స్పానర్ జారిపోయింది. కాలెత్తద్దు."

వాకిలి దగ్గర అమ్మ కాఫీ గ్లాసులతో నిలబడిపోయింది.

తర్వాతి సంస్కారపు ఆదివారం ఆమె లేచి ముందుకు నడిచింది. ఇంటికొచ్చాక, "వాళ్ళు ఒకరినొకరు క్షమించమని అడగనేలేదు కదమ్మా" అన్నాను. "మీ నాయన యాడుండావని అడిగినాడు కదే. ఏదెను తోటలో దేవుడు, తప్పు చేసి దాక్కున్న ఆదామును మొదట అడిగింది కూడా అదే" అంది.

ఇప్పుడు ముగ్గురూ ప్రభువు సన్నిధిలో ఉన్నారు. కోలారు షెడ్డులో నా కారుకూ రబ్బర్లే పోయాయని తేలింది. మార్చాక, పెడల్ నేను తొక్కనా అని మెకానిక్‌ని అడిగాను. "వద్దమ్మా, కూర్చోండి. దీనికి మిషన్ వచ్చింది, ఇంగ రెండో మనిషి అక్కర్లేదు" అన్నాడు. పని చక్కగా చేశాడు, పెడల్ రాయిలా నిలిచింది. దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి బయల్దేరాను. ఒక్కరే చేసుకోగల పనులు ఏటికేడు పెరుగుతున్నాయి. మాటలు మానుకున్న ఇద్దరిని కాలం ఇకమీదట ఏ పని మీద కలుపుతుందో మరి.