కాపలా మూట

విశ్వాసమ్మ మూట కట్టిందంటే నల్లమల కొండ మీదనుంచి దొర్లించినా విడిపోదని ఊర్లో పేరు. ఊరికే వచ్చిందా ఆ పేరు? పెండ్లయి వచ్చిన యేటినుంచీ, శెనక్కాయ పీకే కాలం వచ్చిందంటే చాలు, మొగుడు ప్రేమయ్య చేనికాడ కాపలా పండుకోవడానికి మూట కట్టిచ్చేది ఆమే గదా! అడుగున గోనెపట్ట, దాని మీద గొంగడి, గొంగడి మడతలో జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, నంజుకోను ఒక ఎర్రగడ్డ, ఆయన బీడీకట్ట, అగ్గిపెట్టె. పక్కన నీళ్ళసీసా, బ్యాటరీ లైటు. అంతే, మనిషి ఒక రాత్రి బయట పండుకోవడానికి ఇంకేం కావాలి?

తానూ ఒక్కసారి వస్తానని ఆమె అడగని యేడు లేదు. తన చేన్లో, ఆకాశం కింద, ఒక్క రాత్రి. చీర అడిగిందా, సొమ్ము అడిగిందా? ఉన్నది ఆ ఒక్క ఆశే.

"పిచ్చా మే నీకు? మంచు, దోమలు, రాళ్ళు. నడుము ఇరిగిపోతాది. సంసారం కోసం నేను పడతాండా గదా" అనేవాడు ప్రేమయ్య. తెల్లారి వచ్చి, నడుము పట్టుకొని "అబ్బా, దేవుడా" అని మూలిగేవాడు. పాపం అనుకొని ఆమె నీళ్ళు కాచి పోసేది. రాత్రయితే రేకులింట్లో పండుకొని, ఆయన తలమీద ఆకాశం ఎట్లుంటుందో అనుకుంటా నిద్రపోయేది.

ఆ యేడు చికున్‌గున్యా జరాలు ఊరూరా తిరిగినాయి. ప్రేమయ్యనూ వదలలేదు. జరం పోయింది గానీ కీళ్ళనొప్పులు పోలేదు. గోడ పట్టుకోందే లేవలేడు. చేన్లో చెట్టు పీకి కుప్పలేసి ఉంది, కాయ రాల్చే మిషను ఇంకా రాలేదు. అడవిపందులు దిగితే యేడాది కష్టం మట్టిపాలే.

"నేను పోతా" అంది విశ్వాసమ్మ. గొంతులో దిగులు పెట్టే అంది గానీ, లోపల గుండె గంతులేస్తోంది.

"నువ్వా? ఆడదానివి..."

"పక్కచేన్లో జ్ఞానమణీ, ఆమె మొగుడూ పండుకుంటాండారు గదా. పిలిస్తే పలుకుతారు. ఏం, పందికి ఆడామొగా తెలుస్తాదా?"

ఆమె మూట కట్టుకుంది. చేతులు వాటంతటవే నడిచాయి, మనసు ముందే చేను చేరింది.

చేనికాడ మూట విప్పితే ఏముంది? గొంగడి మడతలో బీడీకట్ట, అగ్గిపెట్టె! ఆమె వక్కాకుసంచి ఇంట్లోనే ఉండిపోయింది. పెట్టుకోవాలనుకున్న దుప్పటీ లేదు. తనకోసం కట్టుకుంటున్నానని అనుకుంటానే మొగుని మూట కట్టుకొచ్చింది మహాతల్లి. "నా అలవాటు అగ్గిలో పడ!" అని తనను తానే తిట్టుకొని నవ్వుకుంది.

ప్రార్థన చేసుకొని, శెనక్కాయ కుప్ప పక్కన గోనెపట్ట పరుచుకొని వాలింది. పగలంతా ఎండ తాగిన నేల వీపుకింద వెచ్చగా ఉంది. పచ్చిమట్టి వాసన, కాయల వాసన, గొంగట్లో ఆయన వాసన. దూరంగా నల్లమల నల్లగా సద్దుమణిగింది. తాటిచెట్టు వెనకనుంచి పిల్లలకోడి చుక్కలు మెల్లమెల్లగా పైకొచ్చాయి, తల్లి వెంట పిల్లలు గుంపుగా. అవి చెట్టు మీదికొచ్చేసరికి తాను నేలమీద ఉందో, తేలుతోందో ఆమెకే తెలియలేదు. గాలి చెంపలు నిమిరిపోతోంది. చచ్చిపోయిన అమ్మ గుర్తొచ్చింది గానీ, ఏడుపు రాలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. నడుము ఇరిగేదేముంది ఈడ?

"ఓరి దొంగోడా! ముప్పై యేండ్లు నాచేత నీళ్ళు కాపించుకుంటివి గదరా!"

కోపం వచ్చింది. శానా కోపం. ఇంత ఆకాశాన్ని ఒక్కడే తిన్నాడే అని కండ్లలో నీళ్ళు తిరిగాయి. పొద్దున పోయి కడిగేయాలనుకుంది. అనుకుంటానే నిద్రపోయింది. పక్కచేన్లో జ్ఞానమణోళ్ళు కొట్టే డబ్బా మోగుతానే ఉంది, పందులు ఇటు రాలేదు.

తెల్లారి మూట నెత్తిన పెట్టుకొని, తిట్లన్నీ వరుసగా పేర్చుకుంటా ఇల్లు చేరింది. ప్రేమయ్య గోడకానుకొని కూర్చున్నాడు.

"ఎట్లుండె మే?"

ఆమె నోరు తెరిచింది. బాగుందంటే? మోకాళ్ళు ఈడ్చుకుంటా అయినా ఈ రాత్రి ఈయనే పోతాడు. మళ్ళీ తనకు రేకులే గతి. టక్కున నడుము పట్టుకుంది.

"అబ్బా, దేవుడా! నడుము ఇరిగిపాయ. సంసారం కోసం పడాల గదా."

ప్రేమయ్య ఆమె మొహంలోకే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పిల్లలకోడి తాటిచెట్టు మీదికొచ్చెనా?"

"వచ్చె! ఎంత దగ్గరగా వచ్చెనో, చెయ్యి చాపితే..."

నాలిక కరుచుకుంది. ఆయన తల వంచుకున్నాడు. ఇద్దరి దొంగతనమూ ఒక్క మాటలో బయటపడింది.

"నీళ్ళు కాగినాయి. పోసుకో పో" అన్నాడు.

పొయ్యి మీద కాగులో నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. గోడ పట్టుకొని, ఆ కాళ్ళతోనే ఎప్పుడు లేచాడో ఏమో. దారంతా పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ ఆమెకు గుర్తురాలేదు.

"సాయంత్రం జ్ఞానమణోళ్ళ బండి ఎక్కు. మూట ఇద్దరికి కడతా" అంది.

"బీడీలు మర్చిపోవద్దు మే. రాత్రంతా యాడ పెట్టినానోనని వెతికినా."

విశ్వాసమ్మ మూట ఆయన ఒళ్ళో పడేసింది.

"దాంట్లోనే ఉండాయి. మర్చిపోయింది నన్ను నేనే."