విత్తనాల వరుస

మా పాపకు ఆటిజం అని తెలిసిన ఏడాది నేను సోలార్ పార్కులో గడ్డి కోసే పని మానేసి, నిద్రమాత్రలకు అలవాటు పడ్డాను. "దానికి గాలి సోకినాది" అన్న పక్కింటామె మా గడప తొక్కడం మానేసింది.

పాప రోజంతా వేరుశనగ గింజలు నేలమీద వరుసగా పేర్చేది. విసుగొచ్చి ఒకసారి కొట్టాను. ఏడ్చి, మళ్లీ పేర్చింది. అప్పుడు చూశాను, ఆ వరుసలో పొట్టు చిట్లిన గింజ ఒక్కటీ లేదు. సోలార్ పార్కుకివ్వకుండా మిగుల్చుకున్న మా ఎకరంలో వాటినే విత్తాం. అన్నీ మొలిచాయి.

ఈసారి విత్తే ముందు పక్కింటామె చేటతో వచ్చింది.

"అక్కా, మా ఇత్తనాలు కూడా పాపతో ఏరిపిస్తావా?"

"నన్నేంటికి అడుగుతావు? దాన్నే అడుగు."

ఆమె నేలమీద కూర్చుని అడిగింది. పాప తలెత్తకుండా చేట లాక్కుని, మొదటి పుచ్చుగింజను ఆమె ఒళ్లోకి విసిరింది. నేను ఆపలేదు.