ముడి లేని దారం

నిజాం లెక్కలో ఫసలీ 1353, ఆజూర్ నెలలో, అంటే 1943 అక్టోబరులో, నన్ను పాలమూరు జిల్లాలో, నారాయణపేటకు వెళ్లే దారిలో ఉన్న ఒక మిషన్ దవాఖానకు సబ్ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. హైదరాబాదులో వైద్యం చదివి బయటికొచ్చి అప్పటికి ఏడాది. నా పైన ఒక్క పెద్ద డాక్టరుగారు, నా కింద ఇద్దరు నర్సులు. పాప పుట్టబోతుండగా ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. పాలు తాగుతూ అది కాస్త పొలమారితే చాలు, ఎత్తి భుజాన వేసుకుంటాను. లచ్చిమి గుర్తొస్తుంది.

లచ్చిమికి ఆరేళ్లు. తండ్రి మల్లప్ప చీరలు నేసేవాడు. నూలుకు రంగు పట్టించడానికి వాళ్ల ఇళ్లలో కాస్టిక్ సోడా కరిగించి పెట్టుకుంటారు. చూడడానికి అది మంచినీళ్లలాగే ఉంటుంది. ఎవరో ముంతలో పోసి గూట్లో పెడితే, దాహమేసి పిల్ల ఒక గుక్క తాగింది. నోరు మానింది. కానీ గొంతు నుంచి కడుపుకు పోయే అన్నవాహిక లోపల పుండు మచ్చకట్టి బిగుసుకుపోయింది. మా దగ్గరికి వచ్చేనాటికి ఉమ్మి కూడా దిగడం లేదు. చిన్న గిన్నె ఒకటి చేత పట్టుకుని అందులో ఉమ్ముకుంటూ, గాలికి కూడా బరువు లేనట్టు నడిచి వచ్చింది.

అప్పట్లో ఇలాంటివాళ్లకు చేయగలిగినవి కొన్నే. బూజీలనే సన్నని కడ్డీలను నోట్లోంచి దింపి ఇరుకును వెడల్పు చేయవచ్చు. కానీ దారి కనిపించకుండా దింపుతాం కనుక గోడ చిల్లుపడితే ఛాతీలో చీము పట్టి మనిషి దక్కడు. పెద్ద ఊళ్లలో కొందరు సర్జన్లు ఛాతీ ముందు చర్మంతోనో పేగుతోనో కొత్త గొట్టమే కడుతున్నారని చదివాం. అది మా చేతుల్లో లేనిది. పెద్ద డాక్టరుగారు మూడో దారి ఎంచుకున్నారు. ముందు పొట్ట మీద కోసి కడుపులోకి రబ్బరు గొట్టం పెట్టి, దాంట్లోంచి పాలు, అంబలి పోశారు. రాపిడి లేక లోపలి వాపు తగ్గి, ఉమ్మి కొద్దిగా దిగసాగింది. అప్పుడు పట్టుదారం ఒకటి నోట్లోంచి మింగించారు. నాలుగో రోజు దాని కొస పొట్ట మీది రంధ్రంలో కనబడింది. అక్కడి నుంచి బూజీని ఆ దారానికి కట్టి కింది నుంచి పైకి లాగుతాం. దారం వెంటే పోతుంది కనుక కడ్డీ దారి తప్పదు. మధ్య రోజుల్లో దారం రెండు కొసలూ కలిపి చొక్కా లోపల దండలా వేసి ఉంచుతాం.

ఆ వారాలు నాకు నీళ్ల అడుగున జరిగినట్టు గుర్తున్నాయి. మధ్యాహ్నం వార్డులో తడిపిన వట్టివేళ్ల తెరలోంచి పచ్చటి వెలుగు పడేది. లచ్చిమి ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండేది. మల్లప్ప ఎర్రరంగు దిగని చేతులు ఒళ్లో పెట్టుకుని మంచం కాళ్ల దగ్గర కూర్చునేవాడు. నేను చేసేదంతా చూసేవాడు.

కడుపులోని పులుపుకు దారం చివుకుతుంది. అందుకని వారానికోసారి పాతదాని కొసకు కొత్తది కట్టి లాగి మార్చాలి. మూడో వారం పెద్ద డాక్టరుగారు హైదరాబాదు వెళ్లారు. నేనే కట్టాను, కాలేజీలో నేర్పిన గట్టి ముడి. లాగితే ఇరుకు దగ్గర ఆగింది. ఇంకోసారి లాగాను. పాత దారం తెగింది. పాత ముక్క ఒక వైపు నుంచి, ముడితో సహా కొత్తది రెండో వైపు నుంచి చేతికొచ్చాయి. ఇప్పుడు పిల్ల లోపల దారం లేదు.

దారి మళ్లీ మూసుకుపోవడానికి ఎన్నో రోజులు పట్టదు. మూసుకుపోతే ఆ పిల్ల బతికినన్నాళ్లూ పొట్టలో గొట్టంతోనే తినాలి. మల్లప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తప్పు నాదేనని కూడా. అతను లేచి వచ్చి నా చేతిలోని ముడిని వెలుగుకు పట్టి చూశాడు.

"గిట్ల ముడేస్తె పన్నెలకెళ్లి పోతదా డాక్టరమ్మా?"

పన్నె అంటే మగ్గంలో పోగులు దూరే సన్నటి పళ్ల చట్రం. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయాక కొత్త పడుగును దానికి కలిపేటప్పుడు వాళ్లు ముడి వేయరట. కొసలు పలచన చేసి, బూడిద అద్దుకుని, ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి అతుకుతారట. వేల పోగులు అలాగే పన్నె దాటుతాయట. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ దారం కత వేరనుకున్న. నన్నెవరడిగిన్రు?"

ఆ రోజే మళ్లీ మింగించడానికి కూర్చున్నాం. మూడుసార్లు కక్కేసి, పిల్ల నోరు బిగించింది. నేను కొసను తండ్రి చేతికిచ్చాను. మల్లప్ప దాన్ని నీళ్లలో తడిపి, నూలు కండె విప్పినట్టు కొంచెం కొంచెం వదులుతూ కూతురి నాలుక మీద పెట్టాడు.

"మింగు బిడ్డా. నీ కడుపుల మగ్గం పెడుతున్న."

లచ్చిమి అనుమానంగా చూసింది. దాని గొంతు గాలి ఊదినట్టు వచ్చింది. "చీర ఎవరికి నాయినా?"

"నీకే."

"అవ్వకియ్యొద్దు మల్ల."

ఇయ్యనని తండ్రి ఒప్పుకున్నాక ఒక గుటక వేసింది. నీళ్లు చప్పరిస్తూ ఇంకొకటి. ఐదు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆరో రోజు పొట్ట మీది రంధ్రంలోంచి కడుపు కడుగుతుంటే కొస బయటపడింది.

తర్వాతి వారం నుంచి దారం మార్చేటప్పుడు మల్లప్పే అతికేవాడు, బూడిదకు బదులు కాచిన మైనంతో. అతుకు ఇరుకులో ఒక్కసారీ ఆగలేదు. పెద్ద డాక్టరుగారు తిరిగొచ్చి చూసి, నన్ను మందలించి, నన్నూ నర్సులనూ అతని దగ్గర ఆ అతుకు నేర్చుకోమన్నారు. నాకు పది రోజులు పట్టింది.

ఎనిమిది నెలలకు లచ్చిమి పాలలో నానిన జొన్నరొట్టె మింగింది. నయమైందని రాయలేను. ఆ మచ్చ బిగుస్తూనే ఉంటుంది, ఏళ్ల తరబడి బూజీలు వేయించుకోవాలి. నేను మానేసేనాటికి నెలకోసారి వస్తూండేది.

అంతవరకూ నేను ముడి ఊడుతుందా లేదా అన్నదే చూసేదాన్ని. అది ఎక్కడి నుంచి పోవాలో చూడడం ఆ తర్వాత అలవాటైంది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. లాగినది రాకపోతే రెండోసారి లాగకూడదు. చెయ్యి ఆపి, మంచం పక్కన కూర్చున్న మనిషిని అడగాలి.